మా అత్తకి రిలీవర్ ఎవరు?

పోయిన నెల మా పాత మిల్లులో కొత్తగా చేరిన అమ్మాయిలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. రిటైరయ్యాక ఇలాంటి పిలుపులు వస్తాయని ముందే తెలిస్తే ఒక మంచి చీర దాచి ఉంచుకునేదాన్ని. చివర్లో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఇల్లూ ఉద్యోగమూ రెండూ ఎలా నెట్టుకొచ్చారు?" అని అడిగింది. "నేను నెట్టుకురాలేదమ్మా, నన్ను నెట్టుకొచ్చారు" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అన్న మాట కాదది. అక్కడ టీలు వచ్చేశాయి, చెప్పడం కుదరలేదు. ఆ పిల్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మాది ఇనుప కడ్డీలు తీసే ప్రైవేటు మిల్లు. గాజువాక దాటాక ఉంది. నేను క్రేన్ ఆపరేటర్ని. రోడ్డు మీద కనిపించే క్రేన్ కాదు. షెడ్డు పైకప్పు కింద, అటూ ఇటూ వేసిన పట్టాల మీద నడిచేది. ఇనుప నిచ్చెన ఎక్కి ఒక చిన్న గదిలో కూర్చుంటే కింద మనుషులు నడినెత్తులై కనిపిస్తారు. ఎవరికి బట్టతల వస్తోందో వాళ్ళ ఆవిడ కంటే ముందు నాకే తెలిసేది.

ఈ పనిలో అన్నిటికంటే పెద్ద నియమం ఒక్కటే. సీటు ఖాళీగా వదలకూడదు. మన తర్వాతి షిఫ్టు మనిషి నిచ్చెన ఎక్కి రావాలి, పక్కన నిలబడాలి, బ్రేకు ఎలా ఉందో, వైరు తాడు ఎక్కడ అరిగిందో మనం చెప్పింది వినాలి. సరేనన్నాకే మనం లేవాలి. ఆ మనిషినే రిలీవర్ అంటారు. రిలీవర్ రాకపోతే ఇంట్లో పెళ్ళయినా సరే కదలడానికి లేదు.

షిఫ్టులు వారం వారం మారేవి. ఆడవాళ్ళకి రాత్రి షిఫ్టు లేదు, నాకు ఉదయం, మధ్యాహ్నం మాత్రమే. నా ముందు షిఫ్టులో ఎప్పుడూ ఒకే మనిషి ఉండేవాడు. నాది ఉదయం షిఫ్టయితే ఆయనది రాత్రి. నాది మధ్యాహ్నమయితే ఆయనది ఉదయం. వన్ టౌన్ ముస్లిం. వాళ్ళ అన్నదమ్ములంతా తాళాలూ ఇనుప సామానూ అమ్ముకునే వ్యాపారస్థులు, ఈయనొక్కడే ఫ్యాక్టరీకి వచ్చాడు. మిల్లంతా ఆయన్ని భాయ్ అనేది. నేనూ అదే అనేదాన్ని. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు.

ఇక మా ఇల్లు. సింహాచలం కొండ దిగువన అద్దె ఇల్లు. మా ఆయన లారీ డ్రైవరు. ఇక్కడి కడ్డీలు ఎక్కించుకుని రాయపూర్, నాగపూర్ వెళ్తే ఎప్పుడు తిరిగొస్తాడో ఆయనకే తెలియదు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన ఆడపిల్ల ఒకతె. మా అత్త. ఇంతే.

అత్త కొండ మెట్ల మొదట్లో పువ్వులు అమ్మేది. తులసి దండలు, మరువం, సీజన్లో సంపెంగలు. మా మామ పోయినప్పుడు, మా ఆయన ఇంకా నిక్కర్లేసుకునే రోజుల్లో మొదలుపెట్టిన బేరం. ఒక బల్ల, రెండు బుట్టలు, పైన టార్పాలిన్, కూర్చోడానికి గోనె సంచి. దాన్ని ఆవిడ "నా కొట్టు" అనేది. తెల్లారకముందే ఆటోలో టౌన్లో పువ్వుల మార్కెట్టుకి వెళ్ళి, తనే ఏరి తెచ్చుకుని, సూర్యుడు వచ్చాక కొట్టు పరిచేది. పిల్ల బడి ఆ పక్క సందులోనే. దింపడం, తేవడం, అన్నం పెట్టడం అన్నీ అత్తే.

చిక్కంతా నా ఉదయం షిఫ్టు వారంలోనే వచ్చేది. నేను కంపెనీ బస్సెక్కే వేళకి అత్త ఇంకా మార్కెట్టులో ఉండేది. నిద్రపోతున్న పిల్లని ఎవరికి వదలను? ఆటోలో పువ్వుల మూటల మధ్య తీసుకెళ్ళి చూశాం. మంచుకి జలుబు చేసి మందుల షాపు చుట్టూ తిరిగాం. అందుకని అత్త వచ్చేదాకా ఆగి, కొట్టు దగ్గర పిల్లని అప్పగించి, నా తిప్పలేవో పడి మిల్లుకు చేరేదాన్ని. రోజూ ఆలస్యమే. రాత్రంతా పని చేసిన భాయ్ ఆ కాసేపూ నా కోసం సీట్లోనే ఉండేవాడు. నేను రొప్పుతూ నిచ్చెన ఎక్కితే, "మెల్లగా రా చెల్లెమ్మా, క్రేన్ ఎక్కడికీ పోదు" అనేవాడు.

దానికి బదులుగా, నాది మధ్యాహ్నం షిఫ్టయిన వారంలో శుక్రవారం నాడు నేను ముందే వెళ్ళి సీటెక్కేదాన్ని. ఆయన పెద్ద నమాజుకి అందుకునేవాడు. ఈ ఒప్పందం మేము కూర్చుని మాట్లాడుకున్నది కాదు. ఒక శుక్రవారం నేను తొందరగా వెళ్ళాను, ఆయన నా మొహం చూసి ఏమీ అనకుండా దిగి వెళ్ళాడు. అంతే, అలా సాగిపోయింది. ఫోర్‌మన్‌కి తెలుసు. చూసీచూడనట్టు ఊరుకునేవాడు.

ఇలా ఉండగా మిల్లుకి కొత్త షిఫ్టు ఇన్‌ఛార్జి వచ్చాడు, గేటు దగ్గర వేలిముద్ర మిషనూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో గుర్తులేదు గానీ రెండూ ఒకే రకం. నవ్వవు, సర్దుకోవు. ఇన్‌ఛార్జి కుర్రవాడు. మా ఇద్దర్నీ పిలిచాడు.

"ఈవిడ రోజూ లేటు. మీరేమో షిఫ్టు అయిపోయాక కూడా క్రేన్ మీదే ఉంటున్నారు. ఆ టైములో ఏదన్నా జారి కింద ఎవరి మీదన్నా పడితే ఎవరిది బాధ్యత? రికార్డు ప్రకారం మీరిద్దరూ అక్కడ లేరు."

ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. తప్పు లేని మాటకే ఎక్కువ మండుతుంది మరి.

మొదటి మెమో వచ్చింది. తర్వాతి ఉదయం షిఫ్టు వారంలో రెండోది. మూడోది వస్తే క్రేన్ మీంచి తీసి యార్డులో తుక్కు ఏరే పనికి వేస్తామన్నారు. ఆ సీటు కోసం నేను ఎన్నేళ్ళు స్టోర్సులో బస్తాలు లెక్కపెట్టానో, ఆడది క్రేనెక్కుతుందా అని ఎంతమంది పళ్ళికిలించారో చెప్పను. ఆ సీటు పోతే నేను మళ్ళీ ఎక్కలేనని మాత్రం తెలుసు. శుక్రవారం ఏర్పాటు కూడా ఆగిపోయింది. భాయ్ దాని గురించి ఒక్క మాటా అనలేదు. ఆయన అనకపోవడమే నాకు గుచ్చుకునేది.

అందరూ ఒకే ఉపాయం చెప్పారు. ఫోర్‌మన్ చెప్పాడు, పక్కింటావిడ చెప్పింది, మా ఆయన ఏదో ఘాట్ రోడ్డు మీంచి ఫోన్లో అరిచి చెప్పాడు: "అమ్మని కొట్టు మానీమను. ముసిలిదైపోయింది, ఇంట్లో కూకుంటాది, గుంటని సూసుకుంటాది." నాకూ అదే న్యాయంగా తోచింది. ఆ సాయంత్రం అత్త తులసి కడుతుంటే పక్కన కూర్చుని, మాటలకి బెల్లం పూసి చెప్పాను.

అత్త చెయ్యి ఆపలేదు. "ఏటీ? నాను కొట్టు ఒగ్గీయాలా?"

"పిల్ల కోసం అత్తా. నీకూ కాస్త విశ్రాంతి."

"నాకు ఇశ్రాంతి కావాలని నీతో ఎవులు సెప్పినారు?"

"నా ఉద్యోగం పోతాది అత్తా."

"నీ ఉజ్జోగం పోకూడదు. నా ఏపారం పోవచ్చేటి? నువ్వు ఇనప నిచ్చెనెక్కి కూకుంటావు, నాను గోని సంచి మీద కూకుంటాను. అదేనా తేడా?" దారం పళ్ళతో తెంపింది. "నాను గుంటని సూడనన్నానా ఏనాడైనా? కొట్టు మాత్రం ఒగ్గను. సెప్పీసినాను."

మూడు పూటలు మాటల్లేవు. అన్నం పెట్టేది, పిల్లతో మాట్లాడేది, నన్ను గోడని చూసినట్టు చూసేది. నేను లోపల కుతకుతలాడిపోయాను. ఈవిడ పంతానికి నా సీటు పోతోందని అనుకున్నాను. యార్డుకి పంపేముందు నేనే మానేస్తానని రాసిచ్చేద్దామని భాయ్‌తో అన్నాను.

ఆయన చాలాసేపు గ్రీజు చేతులు తుడుచుకున్నాడు. "మీ అత్తమ్మని నేను ఒకసారి చూడొచ్చా?" అన్నాడు.

ఆదివారం పొద్దెక్కాక పాత మోపెడ్ మీద అత్త కొట్టు దగ్గరకి వచ్చాడు. అత్త మొహం మాడ్చుకునే, వెతుక్కుంటూ వచ్చిన మనిషని మజ్జిగ ఇచ్చింది. బోర్లించిన బుట్ట మీద కూర్చుని, మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"అమ్మా, ఏమనుకోకండి. మీ రిలీవర్ ఎవరు?"

"అదేటి బాబూ?"

"మాకు మిల్లులో ఉంటారమ్మా. మన సీట్లోంచి మనం లేవాలంటే ఇంకో మనిషి వచ్చి కూచోవాలి. మీరు ఈ కొట్టు మీంచి లేస్తే మీ చోట్లో ఎవరు కూచుంటారు?"

అత్త నవ్వేసింది. "నాకెవులున్నారు నాయనా! జొరమొచ్చినా నానే, వోనొచ్చినా నానే. ఒంటేలుకెల్లాల్నన్నా పక్క కొబ్బరికాయలదాన్ని కేకేసి, సూత్తండే అనీసి పరుగెట్టాల." నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. ఆ మాట ఆవిడని అంతకు ముందు ఎవరూ అడగలేదు. నేనైతే అసలే అడగలేదు. ఇంటికి ఆవిడ రిలీవర్ అని నాకు తెలుసు. ఆవిడకీ ఒకరు కావాలని తట్టలేదు.

"మరి ఉన్నారు కదమ్మా, ఆవిడే!" అన్నాడు భాయ్ పక్క కొట్టు వైపు చూపించి. "మీకు రిలీవరు ఉంది. మీరే డ్యూటీ పంచుకోలేదు. చెల్లెమ్మకి ఉదయం షిఫ్టున్న వారం ఆవిడ మార్కెట్టుకెళ్ళి మీ పువ్వులు తెస్తుంది. మిగతా వారాలు మీరెళ్ళి ఆవిడ కాయలు తెండి."

"దాని సేతికి నా పువ్వులా? సంపెంగికీ గన్నేరుకీ తేడా తెల్దు దానికి!"

"ఇనబడింది ఇనబడింది!" అని కొబ్బరికాయలావిడ అవతలనుంచి అరిచింది. "నీ సేతికి కాయలిత్తే కుళ్ళిందో మంచిదో కొట్టి సూసుకోగలవేటి నువ్వు?"

భాయ్ నెమ్మదిగా అన్నాడు. "అమ్మా, నిజం చెప్తా. ఈ చెల్లెమ్మ కొత్తగా క్రేనెక్కినప్పుడు నేనూ అలాగే అనుకున్నా. నా మిషను ఈవిడ చేతికా అని. షిఫ్టు దిగాక ఇంటికెళ్ళకుండా కిందే నిలబడి, పైకి చూస్తా ఉండేవాణ్ణి. మా ఆవిడ తిట్టేది."

నాకా సంగతి ఆ రోజే తెలిసింది. నన్ను మొదటి రోజు నుంచీ నమ్మిన మనిషి ఒక్కడున్నాడని ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి అనుకునేదాన్ని.

"మరిప్పుడో?" అంది అత్త.

"ఇప్పుడు ఇంటికెళ్ళి పడుకుంటన్నా" అన్నాడు.

అత్త ఒప్పుకున్నానని అనలేదు. భాయ్ వెళ్ళేటప్పుడు వాళ్ళావిడకని దోసెడు సంపెంగలు ఆకులో చుట్టి ఇచ్చింది. అది ఒప్పుకోవడమేనని నాకు అర్థమయింది.

నా తర్వాతి ఉదయం షిఫ్టు వారం వచ్చింది. అత్త ఇంట్లో పిల్ల పక్కన ఉంది. నేను కంపెనీ బస్సులో కూర్చున్నాను. కిటికీ పక్క సీటు దొరకడం నాకు అదే మొదటిసారి. అత్త మాత్రం, తర్వాత చెప్పింది, కాళ్ళు కాలిన పిల్లిలా తిరిగిందట. కొబ్బరికాయలావిడ ఆటో దిగగానే మూట లాక్కుని గోనె మీద పోసి కట్ట కట్టా తిరగేసింది. తులసి బాగానే ఉంది. సంపెంగలు కాస్త విచ్చుకుపోయాయి. ఆవిడ ముందు ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఆ సంపెంగల పాపమంతా నేను విన్నాను. రెండో వారానికి తిట్లు తగ్గాయి. తన వంతు వచ్చినప్పుడు అత్త తెచ్చిన కాయల్లో కుళ్ళువి బయటపడ్డాయి, దాంతో పూర్తిగా తగ్గాయి.

మూడో మెమో రాలేదు. కొన్నాళ్ళు చూసి ఇన్‌ఛార్జి దగ్గరకి వెళ్ళి శుక్రవారం మాట ఎత్తాను. నేను ముందే వేలిముద్ర వేసి ఎక్కుతాను, భాయ్ దిగి వేసి వెళ్తారు, సీటు ఖాళీ ఉండదు అన్నాను. ఆయన "మొదటే ఇలా వచ్చి అడిగి ఉండొచ్చు కదా" అన్నాడు. ఆ మాట కూడా తప్పు లేనిదే. అందుకని మళ్ళీ కాస్త మండింది.

అమ్మాయిలూ, ఇక్కడితో ఆపేస్తే ఇది నా ఉద్యోగం నిలబడిన కథ అవుతుంది. మీటింగులో చెప్పడానికి బాగుంటుంది కూడా. మిమ్మల్ని ఎవరో ఆదుకుంటున్నారంటే, ఆ సమయానికి వాళ్ళ పని ఎవరు చూస్తున్నారో అడగండి. నాకు ఆ సంగతి పూర్తిగా తెలిసింది చందనోత్సవం నాడు.

మన ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. సింహాచలం స్వామి ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు. వైశాఖంలో ఒక్క రోజు ఆ పూత తీసి నిజరూపం చూపిస్తారు. ఊరూ వాడా కొండ మీదే ఉంటుంది. పువ్వుల కొట్లకి ఏడాదికి సరిపడా బేరం ఆ ఒక్క రోజే. పండగ దగ్గర పడుతుంటే అత్తతో కూర్చుని తులసి కడుతూ యథాలాపంగా అడిగాను.

"నిజరూపంలో స్వామి ఎలా ఉంటాడత్తా?"

"నాకేటి తెలుసు?"

"అదేంటి, ఏటా ఇక్కడే ఉంటావు కదా?"

"ఇక్కడుంటాను. పైకెలాగెల్తాను? ఆ రోజు కొట్టు ఒగ్గీసి ఎల్తే ఇంకేటుంది? కొబ్బరికాయలదానికి దాని బేరంతోనే ఊపిరాడదు."

మెట్ల మొదట్లో అన్నేళ్ళు కూర్చుని, పైకెళ్ళే ప్రతి చేతికీ దండ అందించిన మనిషి ఒక్కసారి కూడా ఎక్కలేదు. బాధపడుతూ చెప్పలేదు. వర్షం పడితే తడుస్తాం అన్నట్టు చెప్పింది.

పండగ రోజు నాది మధ్యాహ్నం షిఫ్టు. సెలవు అడగడం దండగ. మిల్లులో సగం మంది కొండెక్కుతామని ముందే పెట్టుకున్నారు, ఎవరికీ ఇవ్వడం లేదు. అత్తని కొండెక్కించి కొట్టులో నేను కూర్చుంటానని భాయ్‌తో చెప్పాను. "నువ్వొచ్చేదాకా నేను దిగను" అన్నాడు. ఈసారి దొంగచాటుగా కాదు. ఇద్దరం ఇన్‌ఛార్జి దగ్గరకెళ్ళి, ఎందుకో ఏమిటో చెప్పి, భాయ్ షిఫ్టు పొడిగించమని అడిగాం. ఆయన అంతా విని, "మీ అత్తగారా?" అని ఒక్కసారి అడిగి, సరేనన్నాడు. పిల్లని ముందురోజే వన్ టౌన్‌లో భాయ్ భార్య దగ్గర దింపాను.

పొద్దున్నే అత్త కొత్త చీర కట్టుకుంది. కట్టుకుని కూడా కదలదు. "ఆ బుట్ట మీద తడి గుడ్డ తియ్యకు. సిన్న దండలు ముందు పెట్టు. గుంపుగా వొత్తే ఒకల తరవాత ఒకల్ని సూడు, తికమక పడకు. తులసికి ఎండ తగలనీకు." నేను ఒక్కొక్కటీ తిరిగి చెప్పాను. నాలుగు మెట్లెక్కి వెనక్కి వచ్చింది. మళ్ళీ ఎక్కి మళ్ళీ వచ్చింది. కొబ్బరికాయలావిడ, "ఎల్లవే తల్లీ, నానున్నాను కదా!" అని అరిస్తే అప్పుడు ఎక్కింది.

ఆ జనంలో నాకు తల ప్రాణం తోకకొచ్చింది. క్రేన్ మీద కూర్చుంటే మనుషులు కింద ఉంటారు. ఇక్కడ అందరూ నా మీద ఉన్నారు. దండ తెగింది, దారం చిక్కుపడింది, ఒకాయన తిట్టి పోయాడు. అత్త ఇన్నేళ్ళూ ఇది చేసిందా అనుకున్నాను. దీన్ని విశ్రాంతి కోసం మానెయ్యమన్నది నేనేనా అనుకున్నాను.

నా షిఫ్టు వేళ దాటిపోయింది. అత్త రాలేదు. ఆ ఎండకి రేకుల కింద క్రేన్ గది ఎలా కాలిపోతుందో నాకు తెలుసు. భాయ్ పొద్దున్నుంచి అందులోనే ఉన్నాడు. కళ్ళు మెట్ల మీద, చేతులు దండల మీద పెట్టి కూర్చున్నాను.

చివరికి వచ్చింది. చీర నలిగిపోయింది, చెమటకి బొట్టు కారిపోయింది. బుట్టకి అవతల, కొనేవాళ్ళు నిలబడేచోట నిలబడింది. నీళ్ళిచ్చాను.

"చూశావా అత్తా? ఎలా ఉన్నాడు?"

"ఏటి సూడనిత్తారు! అలా ఎల్లేసరికి నడు నడు అని ఇవతలకి లాగీసినారు. రెప్పపాటు." నీళ్ళు గటగటా తాగింది. "దిగతా దిగతా కడ మలుపుకాడ ఆగిపోయినాను పిల్లా. కింద నా కొట్టు కనిపించినాది. నాను పైనున్నాను, నా కొట్టు నడస్తన్నాది. ఎవులో బేరమాడతన్నారు, నువ్వు దండ అందిత్తన్నావు. ఇన్నేళ్ళూ నాను లెగిస్తే ఈ సోట ఏటీ ఉండదనుకున్నాను." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎనకమాల వోళ్ళు తోత్తన్నా కదల్లేదు. స్వామికంటే నిన్నే ఎక్కువసేపు సూసినాను."

నాకు ఏడుపొచ్చింది. అక్కడే, అంతమంది ముందే ఏడ్చాను. అత్త బల్ల చుట్టూ తిరిగి ఇవతలకి వచ్చి నా భుజం మీద తట్టింది.

"లెగు. నాను కూకుంటాను. ఆ బాబు పైన ఉడికిపోతుంటాడు, బేగెల్లు."